తాళాలావిడ రాలేదు

రిమోటు వెళ్ళి గోడకి తగిలి, మూత ఒకవైపు బ్యాటరీలు ఒకవైపు ఎగిరిపడ్డాయి! విసిరింది ఎవరో కాదు... మామగారు! ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచీ ఆయన గొంతు పెంచి ఒక్క మాటనడం ఆమె వినలేదు. గుడ్డ మీద సుద్దగీత గీసేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టే మనిషి. అటువంటి మనిషి లేచి నిలబడి, టీవీ వంక వేలు చూపిస్తూ, "ఇంతేనా? ఇన్నేళ్ళు ఇంటిల్లిపాదినీ నవ్వించిన మనిషి కదరా! ఆవిడకి మీరిచ్చే మర్యాద ఇంతేనా?" అని అరిచారు.

టీవీలో మాత్రం ఎవరో పగలబడి నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వుల సీరియల్లో ఎప్పుడూ అంతే. మాట పూర్తికాకముందే కనపడని జనం నవ్వేస్తారు.

కాజా కుడుతున్న చొక్కా కోడలి చేతిలో అలాగే ఉండిపోయింది. సూది వేలికి గుచ్చుకున్నా తెలియలేదు. మామగారి వంక చూసింది, ఆ మూల స్టూలు మీదున్న భర్త వంక చూసింది. భర్త కళ్ళు టీవీ మీదే ఉన్నాయి గానీ దవడలు కదులుతున్నాయి... చేదు మాత్రేదో నీళ్ళు లేకుండా మింగుతున్నట్టు. 'అయ్యో! అయిపోయింది... ఇక ఈ ఇంట్లో మాటన్నది వినపడదు!' అనుకుంది.

సీరియల్ అయిపోతే ఇంత బెంగా అని ఎవరైనా నవ్వొచ్చు. ఆ ఇంటి సంగతి తెలిస్తే నవ్వరు.

ముందుగది దర్జీ కొట్టు. వెనక రెండు గదుల్లో కాపురం. మామగారు గుడ్డ కోస్తారు, భర్త మిషను మీద కుడతాడు. ఆమె ఇద్దరి మధ్యా కూర్చుని కాజాలు తీసి గుండీలు కుడుతుంది. అత్తగారు పోయిన దగ్గర్నుంచీ తండ్రీకొడుకులకి మాటల్లేవు. ఒకే కప్పు కింద, ఒకే గుడ్డని ఒకరు కోసి ఒకరు కుడుతూ, కళ్ళెత్తి ఒకరినొకరు చూసుకోరు! ఆ మాటలన్నీ ఆమే మోయాలి.

"మీ మామగారిని అడుగు, ఈ ప్యాంటు అంచుకి మడత ఎంత వదిలారో."

"నీ మొగుడికి చెప్పమ్మా, కళ్ళుంటే సుద్దగీత కనపడుతుందని."

"కళ్ళు బాగానే ఉన్నాయి గానీ, అది గీతో కోడి గీరిన గీకుడో తెలియట్లేదని చెప్పు."

ఆమె కోడిని మధ్యలోనే తోలేసి, "గీత కొంచెం చిక్కగా గీయమంటున్నారు మామయ్యగారూ" అనేది. ఇటు మాటలోని కారం అటు చేరకుండా, అటు మాటలోని నిప్పు ఇటు పడకుండా రోజంతా అదే పని. ఒకసారి ఆమె జ్వరంతో మంచమెక్కితే, బ్యాంకు గుమస్తా కోటుకి రెండూ ఎడమ చేతులే పడ్డాయి! కోసినాయన చెప్పలేదు, కుట్టినాయన అడగలేదు. పాపం ఆ గుమస్తా కోటు తొడుక్కుని అద్దంలో అటూ ఇటూ చూసుకుని, "ఇంట్లో బయల్దేరినప్పుడు బాగానే ఉన్నానే!" అన్నాడు. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె దుప్పటి ముసుగేసుకుంది.

ఆ ఇంట్లో మాట పుట్టేది ఒక్క సీరియల్ వేళలోనే. 'మేడ మీద మేమంతా' అని, అది అత్తగారి ప్రాణం. అందులో ఇంటి పెద్దావిడ నడుముకి తాళాలగుత్తి దోపుకుని, "నా తాళాలేవిరా?" అంటూ ఇల్లంతా గాలిస్తుంది. ఈ ఇంట్లో అందరూ ఆవిణ్ణి తాళాలావిడ అంటారు. ఎన్నిసార్లు వెతికినా అత్తగారికి అదే మొదటిసారి! కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "అవి నీ నడుముకే ఉన్నాయే పిచ్చిదానా!" అని టీవీకి చెప్పేవారు. తాళాలావిడ మొగుడు బట్టతలాయన. కొడుకు పనీపాటా లేని సోంబేరి.

అత్తగారు పోయాక కూడా ఆ వేళకి మామగారు కుర్చీలోకి వచ్చి కూర్చునేవారు. భర్త వచ్చి మూలనున్న స్టూలు మీద కూర్చునేవాడు. ఒకర్నొకరు రమ్మన్నదీ లేదు, పొమ్మన్నదీ లేదు. అప్పుడు మాట్లాడేవారు... ఒకరితో ఒకరు కాదు, టీవీతో!

"ఆ బట్టతలాయనకి ఏదీ నోరు విప్పి చెప్పడం చేతకాదు" అనేవాడు భర్త.

"ఆ సోంబేరికి వినే ఓపికుంటే కదా చెప్పడానికి!" అనేవారు మామగారు.

ఒకరోజు మామగారు దగ్గు ఆపుకోలేకపోతుంటే భర్త టీవీ వంకే చూస్తూ, "ఆ బట్టతలాయన ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే బాగుణ్ణు" అన్నాడు. అప్పుడు టీవీలో బట్టతలాయన నడుం ఊపుతూ గంతులేస్తున్నాడు! అయినా మర్నాడు మామగారు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. ఆ రోజు ఆమె వంటింట్లో నిలబడి ఎంత సంతోషించిందో ఎవరికీ తెలియదు.

అసలు గొడవ ఏమిటంటే... ఒక మిల్లువాళ్ళ యూనిఫారాల పని దొరికి, భార్యాభర్తలిద్దరూ కొన్ని నెలలు వేరే ఊళ్ళో ఉండాల్సి వచ్చింది. భర్త రోజూ ఇంటికి ఫోను చేసేవాడు. "అమ్మేది నాన్నా?" అంటే, "బజారుకెళ్ళిందిరా, బాగానే ఉంది" అనేవారు మామగారు. ఎప్పుడు చేసినా బజారే! తీరా కబురు అందుకుని పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. లోపల ఏదో పెద్ద జబ్బు, చాలాకాలంగా ఉందట... ఊరంతటికీ తెలుసు, కన్నకొడుక్కి తెలియదు! అతను ఏడవలేదు. తండ్రి ముందు నిలబడి, "అమ్మ బజారు నుంచి ఇంకా రాలేదా?" అని అడిగాడు. తండ్రితో అతను మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఇప్పుడు సీరియల్‌కి కూడా ఆఖరు వచ్చింది. తాళాలావిడ వేషం వేసే నటి ఏదో మాటామాటా వచ్చి మానేసిందని, అందుకే ఈ విడతంతా ఆవిడ కనపడలేదని పక్కింటి నర్సక్క చెప్పింది. అయితే ఆఖరి భాగానికి మాత్రం 'అందరూ వస్తున్నారు! తప్పక చూడండి!' అని వారమంతా ఊదరగొట్టారు. మామగారు కొట్టు తొందరగా కట్టేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చుట్టాల కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు. తెరమీద తలుపు చప్పుడైనప్పుడల్లా కుర్చీలో ముందుకి వంగారు.

ఎవరెవరో వచ్చారు. సగంసేపు పాత భాగాల్లోని ముక్కలే చూపించారు. ఆ మేడ ఖాళీ చేసి అందరూ బండెక్కుతున్నారు. తాళాలావిడ రాలేదు. చివర్లో సోంబేరి ఒక్కసారి వెనక్కి తిరిగి, "అమ్మేది నాన్నా?" అన్నాడు. బట్టతలాయన బండి తలుపు వేస్తూ, "బజారుకెళ్ళిందిలేరా, వచ్చేస్తుంది!" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. అంతే! బండి కదిలిపోయింది.

రిమోటు గోడకి తగిలింది అప్పుడే.

ఇంతలో కిటికీలోంచి పక్కింటి నర్సక్క తల పెట్టింది. "చూశావా అమ్మాయ్! వాళ్ళ చేతులు విరగ! పాత ముక్కలు తెచ్చి అతికిస్తారా? మీ కొట్లో పీలికలు కూడా అంతకన్నా శుభ్రంగా అతుకుతారు కదే! తాళాలావిడ ఉందో పోయిందో అదైనా చెప్పొద్దూ? చెప్పకపోతే ఎట్లా? చూసేవాళ్ళం మనుషులం కామా?" అని కడుపుమంట కక్కేసి, లోపలి మొహాలు చూసి, మెల్లగా తల వెనక్కి తీసుకుంది.

చెప్పకపోతే ఎట్లా... ఆ మాట గదిలోనే ఉండిపోయింది.

భర్త లేవబోయాడు. ఇప్పుడు లేచాడంటే రేపు ఈ వేళకి రాడు. మామగారూ రారు. ఇక మిగిలేవి ప్యాంటు మడతలూ చొక్కా జేబులే! ఏం చేస్తోందో తనకే తెలియకుండా, రిమోటు ముక్కలు ఏరుతూ, "ఇదేం ముగింపు మామయ్యగారూ... మీరైతే ఎలా ముగించేవారు?" అంది.

మామగారు కుర్చీలో కూలబడ్డారు. టీవీలో ఏదో సబ్బు ప్రకటన వస్తోంది. దాని వంకే చూస్తూ అన్నారు.

"నేనైతేనా... ఆ బట్టతలాయన చేత నిజం చెప్పించేవాణ్ణి తల్లీ."

"ఇప్పుడు చెప్పేం లాభం?" అన్నాడు భర్త, అతనూ సబ్బుకేసే చూస్తూ. "చెప్పాల్సినప్పుడు ఆయన నోటికి ఏం అడ్డమొచ్చిందట?"

"ఆవిడ చెయ్యి."

భర్త తల తిప్పలేదు. కానీ లేవబోయినవాడు లేవలేదు.

"ఆవిడే చెయ్యి అడ్డం పెట్టింది. 'వాడికి చెప్పావంటే పని వదిలేసి వస్తాడు. వాడొచ్చి మంచం పక్కన కూర్చుంటే నాకు పోబుద్ధి కాదు. అప్పుడు మరీ కష్టమయ్యా... చెప్పకు' అంది. ఫోను మోగినప్పుడల్లా అదే చూపు. ఆ బట్టతలాయనకి అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదు. నోటికొచ్చింది ఒక్క బజారే. ఆవిడ పక్కనే పడుకుని అన్నీ వినేది..."

"పక్కనే ఉందా?"

ఆ ప్రశ్న టీవీని అడిగింది కాదు! కోడలి చేతిలోంచి బ్యాటరీ జారి కిందపడి దొర్లుకుంటూ పోయింది. భర్త తండ్రి వంక తిరిగాడు. ఎర్రబడిన కళ్ళు, అదురుతున్న పెదాలు...

"ఫోను పక్కనే ఉందా అమ్మ?"

"ఫోను స్పీకరు పెట్టి ఆవిడ చెవి దగ్గరే ఉంచేవాణ్ణిరా!" మామగారి గొంతు పగిలిపోయింది. "మాట్లాడితే నీరసం నీకు తెలిసిపోతుందని నోరు మెదిపేది కాదు. నువ్వు పెట్టేశాక కూడా ఫోను ఇచ్చేది కాదు. కాసేపు ఉండనీ, వాడి గొంతు ఇంకా ఇందులోనే ఉన్నట్టుంది అనేది..."

భర్త రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అరిచినా బాగుండేది. అంత మగవాడు చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెడుతుంటే ఆమె చూడలేకపోయింది.

"నేనేం మాట్లాడేవాణ్ణో గుర్తుందా నాన్నా? గుండీలు తక్కువొచ్చాయి... దారం రంగు వెలుస్తోంది... మిల్లువాడు తొందరపెడుతున్నాడు... రోజూ అదే సొద! అమ్మ వింటోందని తెలిస్తే... తెలిసుంటే నేను..."

"ఏం చెప్పేవాడివిరా?"

"ఏమో! తెలియదు! ఆ ఒక్క ముక్క చెప్పే వీల్లేకుండా చేశావు కదా!"

మామగారు అడ్డం చెప్పలేదు. ఆవిడ మాట మీదకి నెట్టేయలేదు. తల వంచుకుని, "చేశాను. ఆవిడ మాట తోసేసి నీకు చెప్పుండాల్సింది. ఆవిడ తిట్టినా సరే... చెప్పుండాల్సింది" అన్నారు.

"మనసులో ఏం లేదని ఇప్పుడు నేను అనలేను నాన్నా. నావల్ల కాదు."

"అనొద్దు. నాన్నా అన్నావు... నాకంతే చాలు."

ఇద్దరూ ఒకర్నొకరు చూస్తూ కూర్చున్నారు. ఎన్నాళ్ళకో చూసిన మొహాల్లా వెతుక్కుంటున్నారు. తండ్రి బాగా చిక్కిపోయాడని కొడుక్కి అప్పుడే కనపడిందేమో... కొడుకు చెంపలు నెరిశాయని తండ్రికి అప్పుడే తెలిసిందేమో! ఆమె మాత్రం కింద కూర్చుని, బ్యాటరీ కోసం మంచం కింద చెయ్యి పెట్టి వెతుకుతూ ఉండిపోయింది. ఇప్పుడు మోయడానికి చేతిలో ఒక్క మాట కూడా లేదు. తేలిగ్గా ఉండాల్సింది... ఎందుకో గుండె మరింత బరువెక్కింది.

"అమ్మాయ్" అన్నారు మామగారు.

"కాఫీ పెట్టనా మామయ్యగారూ?"

"కాఫీ లేదు ఏమీ లేదు, ఇలా కూర్చో. ఇన్నాళ్ళూ మా ఇద్దరి మాటలూ నెత్తిన పెట్టుకు తిరిగావు. నీకూ ఒక మాటుంటుందని ఈ ఇద్దరు మొద్దుల్లో ఒక్కడూ అడగలేదు. నువ్వు చెప్పు తల్లీ. నువ్వైతే ఎలా ముగిస్తావు?"

భర్త చొక్కా చేతితో మొహం తుడుచుకుని ఆమె వంక చూశాడు. అటువంటి చూపు చూసి ఎన్నాళ్ళయిందో!

అత్తగారి ఆఖరి చూపు తనకీ దక్కలేదు. వచ్చిన రోజున ఏడుద్దామంటే భర్త రాయిలా నిలబడ్డాడు, మామగారు గోడకి ఆనుకుని జారిపోతున్నారు. ఎవర్ని పట్టుకోవాలో తెలియక ఇద్దర్నీ పట్టుకుంది. ఆ పట్టు వదలడానికి ఇంతవరకూ సందే దొరకలేదు. అత్తగారి చేతికింద కాజా కుట్టడం నేర్చుకున్న వేళ్ళు... ఆ వేళ్ళవంకే చూసుకుంటూ మెల్లగా చెప్పింది.

"నేనైతే... ఆవిణ్ణి ఎక్కడికీ పంపను మామయ్యగారూ. బజారుకీ పంపను. అలాగని తెరమీద కనపడక్కర్లేదు. తండ్రీకొడుకులిద్దరూ ముందుగదిలో కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు. ఏదో ఒకటి... గుండీల గురించి, దారం గురించి. ఆవిడ వంటింట్లో ఉంటుంది. గిన్నెల చప్పుడొక్కటే వినపడుతూ ఉంటుంది. అంతే. వాళ్ళ మాటలు వింటూ ఆవిడ లోపల పని చేసుకుంటోందని... చూసేవాళ్ళకి తెలిస్తే చాలు."

మామగారు వంటింటి వైపు తల తిప్పారు. భర్త కూడా తిప్పాడు. ఆమె కూడా చూసింది. లోపల దీపం లేదు. కడిగి బోర్లించిన గిన్నెలు బోర్లించినట్టే ఉన్నాయి. ఎంతసేపు చెవి ఒగ్గినా ఏ చప్పుడూ రాలేదు...

కుడుతున్న చొక్కా మొహానికి అదుముకుని ఆమె బావురుమంది! అత్తగారు పోయాక ఆమె ఏడవడం అదే మొదటిసారి. ఊరుకోమని ఆ ఇద్దరిలో ఎవరూ అనలేదు.