బొమ్మ పోగానే వచ్చే మనిషి

ఆ ఇంటి ముందుగది సంగతి వీధిలో అందరికీ తెలుసు. పనిమనిషి చీపురు గుమ్మం దగ్గరే ఆపేసేది. గోడ మీద సినిమా చూస్తూ ఉంటే బొమ్మ పోతుందట… గోడంతా నీలంగా అవుతుందట… ఆ నీలంలోంచి జుట్టు విరబోసుకున్న ఆడమనిషి వస్తుందట.

నాకీ కథ చెప్పింది మా బావ. ఇళ్ళల్లో ప్రొజెక్టర్లు బిగించడం ఆయన పని. దెయ్యాలంటే పడీ పడీ నవ్వుతాడు. ఇది చెప్పేటప్పుడు మాత్రం మొహం అదోలా పెడతాడు, చేదు మాత్ర నమిలినట్టు.

ఓ సాయంత్రం ఆ ఇంటావిడ ఫోన్ చేసింది.

"మా ఆయన ఊళ్ళో లేరు బాబూ. రేపు రాగానే నన్ను పిచ్చాసుపత్రిలో చేర్పిస్తారట. ఆ గోడ మీద నేను చూసింది ఉందో లేదో… నువ్వే తేల్చాలి."

బావ వెళ్ళేసరికి చీకటి పడింది. తలుపు తీయగానే గుప్పున వాసన — మగ్గిన తెరలు, సిగరెట్టు బూడిద, పాత తలనూనె. ఆయనగారి కుర్చీ వీపంతా జిడ్డు. రిమోట్ పట్టుకుంటే వేళ్ళు అతుక్కున్నాయి. ప్రొజెక్టర్ జాలీ విప్పితే బొద్దింక కాళ్ళు రాలాయి. అందరూ లేచి నిలబడే పెద్దమనిషి గది మరి!

సెట్‌టాప్ బాక్సు నుంచి ప్రొజెక్టర్ మొదటి సాకెట్‌కి కొత్త వైరు పెట్టాడు. బొమ్మ అద్దంలా వచ్చింది.

"ఏ దెయ్యమూ లేదమ్మా."

"ఇప్పుడు రాదు. నేను కునుకు తీస్తే వస్తుంది."

కునుకు… బావకి ఏదో తట్టింది. ఎవరూ రిమోట్ ముట్టకపోతే ఆ బాక్సు కొంతసేపటికి తనంతట తనే ఆరిపోతుంది. సరే చూద్దామని, తనే ఆపేశాడు.

గోడ నీలమైంది. 'సిగ్నల్ వెతుకుతోంది' అని మూల చిన్న అక్షరాలు… ఒక క్షణం… రెండు…

వచ్చింది.

రంగుల్లేని బొమ్మ. పైనుంచి చూస్తున్నట్టుంది. మంచం అంచున, వీపు ఇటు పెట్టి, జుట్టు విరబోసుకుని ఒక మనిషి. కదలదు… కదలదు… నెమ్మదిగా చెయ్యి లేచింది. దువ్వుకుంటోంది.

"అదే…" ఇంటావిడ గోడ వైపు వేలు చూపించింది.

బావ కూడా ఓ అడుగు వెనక్కేశాడు — అబద్ధమెందుకు. అంతలో బొమ్మ మూల అంకెలు కనిపించాయి. ఏడూ పన్నెండు. చేతి గడియారం చూసుకున్నాడు. ఏడూ పన్నెండే.

నిచ్చెనెక్కాడు. రెండో సాకెట్ ఖాళీగా ఉండాలి. లేదు. ఒక నల్ల వైరు సీలింగ్‌లోకి దూరి, ఇంటి వెనక వాటా వైపు పోతోంది. బాక్సు ఆరిపోగానే ఇంకెక్కడ బొమ్మ దొరుకుతుందా అని ప్రొజెక్టర్ తనే వెతుక్కుంటుంది. ఆ వైరు చివర దొంగ కెమెరా పెట్టుకున్న మహానుభావుడికి ఆ సంగతి తెలిసుండదు.

ఇదంతా ఎలా చెప్పాలా అని బావ తటపటాయిస్తుంటే, ఆవిడే గోడ దగ్గరికి వెళ్ళింది. మంచం మీది గళ్ళ దుప్పటిని వేలితో తాకింది.

"ఇది నేనిచ్చిన దుప్పటి. వెనక వాటాలో అద్దెకుండే నర్సమ్మాయికి… నన్ను పిన్నీ అంటుంది."

ఒళ్ళంతా పురుగులు పాకినట్టయిందని బావ ఇప్పటికీ అంటాడు. ఛీ! కట్టుకున్నదానికి పిచ్చి అంటగట్టి, వాడు ఆ జిడ్డు కుర్చీలో కూర్చుని చూసేది ఇదా!

ఆవిడ బయటికి వెళ్ళిపోయింది.

బావ వైరు పీకడానికి చెయ్యి చాపాడు. అంతలోనే గోడ మీద అమ్మాయి చటుక్కున తిరిగింది. వెళ్ళి తలుపు తీసింది. గుమ్మంలో ఇంటావిడ. ఆవిడ అమ్మాయి చెవిలో ఏదో చెప్పింది. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దుప్పటి లాగి చుట్టుకుని, బయటికి పరిగెత్తింది.

ఇంటావిడ స్టూలు లాక్కుని ఎక్కింది. మొహం దగ్గరవుతూ… దగ్గరవుతూ… గోడంతా నిండిపోయింది. కళ్ళల్లో చుక్క నీరు లేదు. సూటిగా ఇటే చూసింది.

తూ… అని ఉమ్మింది.

గోడంతా మసకబారి, కిందికి కారింది. బావ వైరు పీకకుండానే నిచ్చెన దిగాడు. రేపు ఆయనగారు వచ్చి చూసుకోవాలి కదా.