తాడుకు అవతలి కొస

మా ఇంటి మగవాళ్ళు పుట్టిని, అదే ఒక్క మనిషి పట్టే బుట్టపడవని, బోర్లించి వీపుకు తగిలించుకుని నదికి పోతుంటే తాబేళ్ళు వరసకట్టి నడుస్తున్నట్టు ఉంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో అది చూసి పొట్ట పట్టుకుని నవ్వాను. "నవ్వవే నవ్వు. ఏదో ఒకరోజు అది నీ వీపూ ఎక్కుతుంది," అంది మా అత్తగారు మారెడ్. ఆవిడ నాలుక మీద మచ్చ ఉందేమో, అన్నంత పనీ జరిగింది.

ఆ వసంతంలో మా ఆయన ఐవర్ పలకరాయి గనిలో కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడ దాకా కట్టుతో వంటింటి కిటికీ దగ్గర కూచుని, వచ్చేపోయే వాళ్ళ మీద విసుక్కోవడం తప్ప పని లేదు. సరిగ్గా సాల్మన్ చేపలు సముద్రం వదిలి తైవి నదిలోకి ఎదురెక్కే రోజులు. గాలం వేసుకుని చెట్టుకింద కునుకు తీయడం బంగళాల్లో దిగే దొరల పని. మా వాళ్ళది వల. రెండు పుట్టిలు, మధ్యన ఒక వల, చెరో పుట్టిలో చెరో మనిషి. ఒక చేత్తో వల తాడు, రెండో చేత్తో తెడ్డు. ఇద్దరూ సమంగా ప్రవాహంతో పాటు కిందికి జారాలి. పగలైతే చేప వలను చూసేస్తుంది కనక చీకటి పడ్డాకే దిగాలి. జత లేని పుట్టి ఒంటి చెప్పుతో సమానం.

ఆ సాయంత్రం మా మామగారు ఇద్వల్ అలాంటి ఒంటి చెప్పులాగే పొయ్యి ముందు కూచున్నాడు. ఉన్ని మిల్లు కింది మడుగులో ఆ రాత్రి మా వంతు. వంతు వచ్చిన ఇల్లు వల దించకపోతే ఆ ఏడాదికి అది పై రేవు వాళ్ళకి పోతుంది.

"పోతే పోయింది నాన్నా," అన్నాడు ఐవర్.

"నేనొస్తాను మామయ్యా," అన్నాను.

ఐవర్ నా వైపు ఎగాదిగా చూశాడు. "నువ్వా? పుస్తకం పట్టుకోవడం తప్ప నీకేం వచ్చు?"

"పుస్తకం పట్టుకునే చెయ్యి తాడు పట్టుకోలేదా? రెండు కాళ్ళూ ఉన్నప్పుడు నువ్వు ఉద్ధరించింది ఏముంది, ఒకటి విరగ్గొట్టుకురావడం తప్ప?"

మామగారు పొయ్యి అదిరేలా నవ్వాడు. ఆయన నవ్వితే కుక్క కూడా లేచి కూచుంటుంది. "విన్నావురా? నాకు జత దొరికింది. నోటికి తాళం వేస్తే చాలు."

అత్తగారు మాత్రం నవ్వలేదు. రొట్టె కోస్తున్న కత్తి పక్కన పెట్టేసింది.

ఐవర్‌కి ఒక అన్న ఉండేవాడు. గెథిన్. టీలో మూడు చెంచాల పంచదార పడందే ముట్టేవాడు కాదని అత్తగారు చెబుతుంది. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టక ముందే అదే మడుగులో పోయాడు. వల నీటి అడుగున మోడుకి తగులుకుంది. మామగారు వదలమని అరిచాడు. గెథిన్ వదల్లేదు. తాడు అతన్ని పుట్టితో సహా లోపలికి లాగేసింది. శవం దొరికింది. చర్చి వెనక పాతిపెట్టారు, రాయి మీద పేరు చెక్కించారు. అన్నీ పద్ధతిగానే జరిగాయి. దెయ్యం కావడానికి పద్ధతి అడ్డం రాదని అప్పటికి నాకు తెలీదు.

గుమ్మం దగ్గర అత్తగారు నా కోటు గుండీలు పెట్టింది. ఎన్నడూ లేని ముద్దు.

"చేప రాకపోతే పీడా పోయె. ఆయనకి ఈత రాదు నెస్టా. ఆ నీళ్ళకి ఇంకో మనిషిని ఇవ్వను నేను. ఆయన్ని ఇంటికి తీసుకురా. మాటివ్వు."

"తెస్తాను అత్తయ్యా."

ఉప్పు చేబదులు ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చాను ఆ మాట.

*

రేవులో అడవి వెల్లుల్లి వాసన గుప్పుమంది. కాళ్ళ కింద ఆకులు నలిగేకొద్దీ ఆ ఘాటు ఎక్కువవుతోంది. పైన మిల్లు ఆనకట్ట మీంచి నీళ్ళు దూకుతున్న హోరు. మబ్బు కమ్మింది. అవతలి గట్టు చెట్లు నల్లగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి.

"సరిగ్గా నడిమధ్యన కూచో. పక్కకి వాలావంటే చేపలకి విందే," అన్నాడు మామగారు, నా పుట్టిని నీళ్ళలోకి తోస్తూ.

"నా బరువుకి ఆగుతుందంటారా?"

"మీ అత్తనే మోసిందమ్మాయ్. అదీ పెళ్ళి భోజనం అయిన సాయంత్రం."

తారు పూసిన పుట్టి అడుగు నా కింద ఊపిరి తీసుకుంటున్నట్టు కదిలింది. బల్ల మీద, తొడ పక్కన, ఆయన ఒక పొట్టి దుడ్డుకర్ర పెట్టాడు. వల్లో పడ్డ చేపను ఒక్క దెబ్బతో చంపడానికి. తరవాత తాడు కొస నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. అప్పుడు ఆయన గొంతులో సరదా లేదు.

"నీళ్ళ మీద మాట్లాడకూడదు. నువ్వూ, నేనూ. ఒక్కసారి గుంజితే 'ఉన్నాను' అని. రెండుసార్లు గుంజితే 'దగ్గరికి రా' అని. వల మోడుకి తగులుకుంటే మాత్రం, తెలిసినవాళ్ళు 'వదులు!' అని అరుస్తారు. నీళ్ళ మీద చెల్లే మాట అదొక్కటే. వినగానే వదిలెయ్యాలి. ఎందుకని అడక్కూడదు."

"సరే."

"ఇంకోటి. నీళ్ళ మీద చెవి అబద్ధాలు చెబుతుంది. ఎక్కడో అన్న మాట పక్కన అన్నట్టే వినిపిస్తుంది. తాడు అబద్ధం చెప్పదు."

ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పేచీ పడే సందర్భం ఉంటుందని ఆయనకి తట్టలేదు. నాకూ తట్టలేదు. అడిగి ఉండాల్సింది.

*

ఆయన పుట్టి నా పక్కనుంచి మెల్లగా దూరమైంది. వల నీళ్ళలోకి జారుతున్న చప్పుడు, గడ్డి మీద పట్టుగుడ్డ ఈడ్చినట్టు. కాసేపు ఆయన టోపీ కనిపించింది. తరవాత టోపీ ఉండాల్సిన చోట చీకటి కొంచెం చిక్కగా ఉన్నట్టు మాత్రం అనిపించింది. తరవాత అదీ లేదు.

మిగిలింది తాడొక్కటే.

ఒక గుంజు. 'ఉన్నాను.'

నేనూ గుంజాను. 'ఉన్నాను.'

ఆనకట్ట హోరు వెనకబడింది. నీళ్ళ మీంచి పొగమంచు లేచి ముఖానికి తడిగుడ్డలా అంటుకుంది. తెడ్డు ఎలా తిప్పాలో చెయ్యి నేర్చుకుంటోంది. నిజం చెప్పాలంటే గర్వంగా కూడా ఉంది. ఐవర్‌కి ఏమేం చెప్పి దెప్పాలో లోపల్లోపల వాక్యాలు కూర్చుకుంటున్నాను.

మడుగు నడుమకి వచ్చామనుకుంటా. ప్రవాహం ఒక్కసారిగా నెమ్మదించింది. గాలి ఆగింది. వెల్లుల్లి వాసన పోయింది. దాని బదులు... పాత బావి మూత తీస్తే వచ్చే వాసన.

తాడు వదులైంది.

కొంచెం కాదు. పూర్తిగా. అవతల మనిషే లేనట్టు, నా చేతిలో చచ్చిన పాములా వేలాడింది.

గుంజాను. జవాబు లేదు.

మళ్ళీ గుంజాను. తాడు ఊరికే నా వైపు వచ్చేసింది, మూరెడు... ఇంకో మూరెడు...

అవతల ఎక్కడో నీళ్ళు కదిలాయి. పెద్ద చప్పుడేం కాదు. నిండు బిందెను ఎవరో జాగ్రత్తగా నీళ్ళలోకి దించినట్టు.

నోరు తెరిచాను. "మామయ్యా" అని పిలవబోయాను. నీళ్ళ మీద మాట్లాడకూడదన్నాడు. పళ్ళ మధ్య నాలుక కొరుక్కుని ఆగాను.

అప్పుడు తాడు బిగిసింది.

ఒక గుంజు. నిదానంగా, గట్టిగా. 'ఉన్నాను.'

ప్రాణం లేచొచ్చింది. ఏ చేపో, ఏ నీటికుక్కో అయ్యుంటుంది అనుకున్నాను. తెడ్డు వేశాను. రెండు పుట్టిలూ మళ్ళీ సమంగా జారుతున్నాయి. తాడు ఎంత నేర్పుగా బిగిసి ఉందంటే, మొదట్లో కంటే ఇప్పుడే బాగుంది. నా తప్పులన్నీ అవతలి చెయ్యి సర్దుతోంది.

ఇంతలో నా పుట్టి కుడివైపుకి ఒరిగింది.

తాడు ఉన్నది ఎడమవైపు.

కుడి అంచు మీద ఒక చెయ్యి. చీకట్లో అది చెయ్యి అని కళ్ళకంటే ముందు నా తొడకి తెలిసింది. నాలుగు వేళ్ళు, తడిగా, చల్లగా, కోటు మీంచి తగిలాయి. అంచు దిగిపోయి నీళ్ళు నా ఒళ్ళోకి వచ్చాయి.

"వదులు..."

మామగారి గొంతు. కానీ అరుపు కాదు. గొంతులో నీళ్ళున్న మనిషి గుసగుస.

"అమ్మాయ్... తాడు... వదులు..."

ఎందుకని అడక్కూడదు. వినగానే వదిలెయ్యాలి. నా వేళ్ళు సగం విచ్చుకున్నాయి కూడా.

అప్పుడే ఎడమచేతిలో తాడు కదిలింది. ఒక గుంజు.

'ఉన్నాను.'

ఆయన అక్కడుంటే ఇక్కడున్నది ఎవరు? ఇక్కడున్నది ఆయనైతే...

"నెస్టా... అది నేను కాదు... వదులు..."

ఒక గుంజు. 'ఉన్నాను.'

చెవి అబద్ధం చెబుతుంది. తాడు చెప్పదు. ఆయనే అన్నాడు. అదే నోటితో 'వదులు' వింటే వదిలెయ్యమనీ అన్నాడు. వదిలేస్తే, తాడు కొసన ఉన్న మనిషి చీకట్లో ఒంటరి అవుతాడు. ఆయనకి ఈత రాదు. మాటిచ్చాను. ఎవరిని ఇంటికి తేవాలి? ఏ వైపు ఉన్నవాణ్ణి?

రెండో చెయ్యి కూడా అంచు మీదికి వచ్చింది. పుట్టి ఇంకా ఒరిగింది. నీళ్ళు నడుం దాకా. ఇంకొక్క క్షణం ఆగితే ముగ్గురం పోతాం.

తెడ్డు వదిలేశాను. దుడ్డుకర్ర అందుకున్నాను.

కొట్టాను.

ఒకసారి. ఇంకోసారి. ఎముక చప్పుడు చేసింది. అరుపు లేదు. నిట్టూర్పు లాంటిది ఒకటి... నన్ను తప్పు పట్టనట్టు, అలసిపోయినట్టు. వేళ్ళు ఒక్కొక్కటే జారాయి. పుట్టి ఎగిరి సరిగ్గా కూచుంది.

నీళ్ళు మూసుకున్నాయి.

దుడ్డుకర్ర మళ్ళీ బల్ల మీద పెట్టాను.

తాడు రెండుసార్లు గుంజింది.

'దగ్గరికి రా.'

*

అరచేతులతో నీళ్ళు తోసుకుంటూ, తాడు లాక్కుంటూ వెళ్ళాను. పొగమంచులోంచి మొదట టోపీ వచ్చింది. తరవాత భుజాలు. మా మామగారే. పుట్టి నడిమధ్యన నిటారుగా కూచుని, తాడు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఎంత సంతోషమేసిందంటే, ఆయన పుట్టి ఖాళీదానిలాగా నీళ్ళ మీద తేలిగ్గా ఊగుతోందని చూశాను గానీ, అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

వల్లో ఒకే ఒక్క చేప. ఆడ సాల్మన్, నా చెయ్యంత పొడుగు. దాని నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఆయన దాన్ని కర్రతో కొట్టలేదు. బొటనవేలు దాని గొంతు మీద పెట్టి, కదలిక ఆగేదాకా అలాగే చూస్తూ కూచున్నాడు.

"మామయ్యా, అక్కడ నా పక్కన..."

ఆయన వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. నిజమే. ఇంకా నీళ్ళ మీదే ఉన్నాం.

గట్టెక్కాక కూడా మాట్లాడలేదు. పుట్టి వీపుకి తగిలించుకుని ముందు నడిచాడు. నేను వెనక. తాబేళ్ళలాగే ఉన్నాం. నాకు నవ్వు రాలేదు.

ఇంట్లో అత్తగారు దీపం ఆర్పకుండా కూచుంది. ఆయన్ని చూసి లేచింది. దగ్గరికి వచ్చి, చెంప మీద చెయ్యి వేసి, చాలాసేపు చూసింది.

"తెచ్చావు," అంది నాతో. కానీ చూపు ఆయన మీంచి తిప్పలేదు.

ఆయన బట్టలు తడిసి ముద్దై ఉన్నాయి. నావీ అంతే కదా అని సర్ది చెప్పుకున్నాను.

ఐవర్ ఆ చేపను చూసి పొగడలేక పొగడలేక, "మొదటిసారికి పర్లేదు," అన్నాడు. నేను తిరిగి ఒక్క మాట అనలేదు. నాకేదో జబ్బు చేసిందనుకున్నాడు పాపం.

తరవాతి రోజుల్లో రేవులో కొత్తేమీ తేలలేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేదాన్ని, నీళ్ళు తెచ్చే నెపంతో. మిల్లు తూము దగ్గర కూడా వంగి చూశాను. ఏమీ లేదు. నా చెవే అబద్ధం చెప్పిందని, భయంలో కొమ్మనో మొద్దునో చావగొట్టానని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ ఎముక విరిగిన చప్పుడొక్కటే ఎంత నచ్చజెప్పినా వినేది కాదు. అందుకే ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఐవర్‌కీ చెప్పలేదు. అత్తగారికైతే అసలే చెప్పలేదు.

"మీ మామయ్య గురక మానేశాడే," అంది అత్తగారు ఒకరోజు, పిండి పిసుకుతూ. "ఇన్నేళ్ళకి దేవుడు నా మొర ఆలకించాడు. పక్కన మనిషి ఉన్నట్టే తెలీడం లేదు." అంటూ ముసిముసిగా నవ్వింది. ఆవిడ అంత చిన్నపిల్లలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు పొద్దున ఐవర్ ఇంకా లేవలేదు. నేనూ మామగారూ బల్ల దగ్గర కూచున్నాం. అత్తగారు టీ పోసి, ఆయన్ని అడక్కుండానే అందులో పంచదార వేసింది. ఒక చెంచా, ఇంకో చెంచా, మరొకటి. మామగారు పంచదార ముట్టగా నేను ఎన్నడూ చూడలేదు. ఆయన గ్లాసు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడిలా తాగాడు. అత్తగారు గిన్నెలు కడగడానికి అటు తిరిగింది.

ఆయన నా వైపు వంగాడు. ఊపిరి చల్లగా తగిలింది.

"అమ్మాయ్," అన్నాడు, గుసగుసగా. "ఆ చేతుల మీద... గట్టిగానే కొట్టావా?"

నీళ్ళ తొట్టి దగ్గర గిన్నెల చప్పుడు ఆగింది. అత్తగారు వెనక్కి తిరగలేదు. తడి చేతులు అలాగే గాల్లో ఉంచి, నేనేం చెబుతానా అని వింటోంది.