గోడలో దొరికిన ఒంటి బూటు

ఇంగ్లండులోని సఫక్ సీమలో ఓ పల్లె చివర ఉన్న ఆ పాత కొయ్యచట్రపు ఇల్లు ఒకప్పుడు ఒకే పెద్ద హాలు. నేల మీద నిలబడి తలెత్తితే పొగకు నల్లబడ్డ కప్పు దూలాలే కనిపించేవట. ఆ తరవాత ఎవరో దొర మధ్యలో పైఅంతస్తు వేయించి, అడ్డగోడలు కట్టించి, కూలివాళ్లకు వాటాలుగా పంచాడు. నడిమి వాటాలో కెజాయా, ఆమె మొగుడు రూబెన్, నాలుగేళ్ల డల్సీ ఉంటారు. పక్క వాటాలో ముసలి థిర్జా. కెజాయా దగ్గితే థిర్జా "చలి చేసిందా?" అని అవతల నుంచే పలకరించేంత పలచటి గోడలు.

శీతాకాలం రాగానే పైగదిలో డల్సీ మంచం మీదికి గాలి కొడుతోందని రూబెన్ థిర్జా వైపు అడ్డగోడలోని పగులు తవ్వాడు. లోపల పసిపిల్లల బూటు ఒకటి దొరికింది. జత లేదు.

"దాన్ని ఉన్నచోటే పెట్టెయ్ నాయనా," అంది చూడ్డానికొచ్చిన థిర్జా. "ఇంట్లోకొచ్చే దుష్టశక్తి పిల్లల జోలికి పోకుండా, ఆ బూటులో దూరి ఇరుక్కుపోవాలనే పెడతారు."

"అయితే ఇన్నేళ్లకి నిండిపోయి ఉంటుంది పెద్దమ్మా, కాస్త ఖాళీ చేస్తా!" అని రూబెన్ నవ్వాడు.

డల్సీ అప్పటికే కాలు దూర్చేసింది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. రూబెన్ పగులును మట్టితో పూడ్చి, సున్నం పూసి, సరదాకి దాని మీద అరచెయ్యి అద్దాడు. మర్నాడు పొద్దున పిల్ల మళ్లీ ఆ బూటే కావాలని పేచీ పెడితే, పుచ్చిన తాడు తీసేసి కెజాయానే తన ఎర్ర రిబ్బను కట్టింది.

ఆ సాయంత్రం చీకటి పడింది. కెజాయా కింద బఠాణీల సూపు కలుపుతోంది. పైన డల్సీ నడుస్తోంది. టక్... బూటు. తప్... వట్టి పాదం. కెజాయా ముసిముసిగా నవ్వుకుంది. అడుగులు అడ్డగోడ దాకా వచ్చాయి.

ఆగలేదు.

"అమ్మాయ్..." గోడకవతల థిర్జా గుసగుస. "మీ డల్సీ మా పైగదిలోకి ఎట్లా వచ్చిందే?"

ఆ గోడకు తలుపు లేదు.

కెజాయా మెట్లెక్కింది. మంచం ఖాళీ. పచ్చి సున్నం వాసనతో పాటు ఎక్కడిదో పాత పొగ వాసన. వీధిలోకి పరుగెత్తి థిర్జా ఇంటి మెట్లెక్కింది. అక్కడా లేదు. అడుగులు ఇప్పుడు తన ఇంట్లో వినిపిస్తున్నాయి.

"డల్సీ! అక్కడే ఆగు తల్లీ!"

"ఆగనివ్వడం లేదమ్మా..." గొంతు గోడ లోపలి నుంచి వచ్చింది.

ఆమె అటూ ఇటూ ఎన్నిసార్లు పరుగెత్తిందో. కన్నబిడ్డ అడుగులు చెవిన పడుతూనే ఉన్నాయి, చేతికి అందవు. చివరికి గోడను గోళ్లతో గీకుతూ కూలబడి ఏడ్చింది.

రూబెన్ పొలం నుంచి వచ్చి గొడ్డలి అందుకున్నాడు. నిన్న అద్దిన అరచేతి గుర్తు చెక్కుచెదరకుండా ఉంది. దాని మీదే కొట్టాడు. కన్నంలో చెయ్యి పెట్టి, ఆ బూటును బయటికి తీశాడు.

కెజాయా పొద్దున కట్టిన ఎర్ర రిబ్బను ముడి అలాగే ఉంది. లోపల ఇంకా వెచ్చగా ఉంది.

థిర్జా వైపు నుంచి అడుగులు మళ్లీ మొదలయ్యాయి. తప్... తప్... ఇప్పుడు రెండూ వట్టి పాదాలే.

వాటి వెనకాలే ఇంకెవరిదో ఒంటి బూటు చప్పుడు.

టక్...