ఐదో గడి

మా ముందుగదిలో మధ్యాహ్నం రెండింటికే పరదాలు వేసేస్తాం. లేకపోతే ఎండ నేరుగా టీవీ మీద పడి బొమ్మ కనబడదు. పరదాలు వేశాక గది గోధుమరంగు చీకట్లో పడుతుంది. ఫ్యాను చప్పుడు కాస్త పెద్దదవుతుంది. కింది అంతస్తులో ఎవరో గిన్నెలు తోముతున్నది కూడా వినబడుతుంది. ఆ చీకట్లో నేనూ, మా బుడంకాయా చాప మీద పక్కపక్కన కూర్చుని టీవీ ఆటలో రాతిరాణితో యుద్ధం చేసేవాళ్ళం.

బుడంకాయ నా మనవరాలు. పదేళ్ళది. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని వాళ్ళమ్మే ఆ పేరు తగిలించింది. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పొద్దున్న వెళ్తే సాయంత్రం ఏడు దాటితే గానీ రాదు. సెలవుల్లో పిల్ల నా పూచీ. ముప్ఫై ఒక్కేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, ఒక్క పిల్లని చూసుకోలేనా అనుకున్నాను. అనుకోవడానికేం!

ముందు ఆట సంగతి చెప్పాలి. అది తెలియకపోతే తరవాతి సంగతి బోధపడదు.

ఆటలో నలుగురు వీరులు. నీళ్ళావిడ ఎదుటివాళ్ళని తడుపుతుంది. మెరుపోడు పిడుగు వేస్తాడు. ఆ ఇద్దరూ బుడంకాయ చేతిలో ఉంటారు. డాలు పెద్దాయన దెబ్బలు కాస్తాడు, వైద్యురాలు గాయాలు మాన్పుతుంది. వీళ్ళు నా వంతు. ఎవరికి వాళ్ళు కొడితే రాతిరాణికి చీమ కుట్టినట్టైనా ఉండదు. శక్తులు కలపాలి. కలపడంలో కూడా వరస ఉంది. ముందు తడపాలి, తరవాతే పిడుగు వెయ్యాలి. తడిసిన ఒంటికి దెబ్బ రెట్టింపు తగులుతుంది. అయితే ఆ నీళ్ళు మనవాళ్ళ మీదా చిందుతాయి గనక పిడుగు పడేలోపు డాలు అడ్డం పెట్టాలి. వరస తప్పామా, మన పిడుగుకి మనమే పోతాం.

ఒక వంతులో ఒక్కో వీరుడు ఒక్క పనే చెయ్యగలడు. తెర మూలన ఇసుక గడియారం ఉంటుంది, ఇసుక అయిపోతే వంతు పోయినట్టే. మూడు వంతులకోసారి రాతిరాణి తన రాతితోలు విడుస్తుంది, అదీ ఒకే ఒక్క వంతు. ఆ వంతులో తడపాలి, డాలు పట్టాలి, పిడుగు వెయ్యాలి, గాయాలు మాన్పాలి, చివర్లో ఇంకొక్క దెబ్బ కొట్టాలి. పనులు ఐదు. మనుషులు నలుగురు. తెర అడుగున వీరుల గడులు మాత్రం ఐదు గీసి ఉంటాయి. ఐదోది నల్లగా ఉంటుంది, దానికి తాళం బొమ్మ. ఆ తాళం తీసే దారి ఆటలో ఎక్కడా లేదు.

నలభై సార్లు ఓడిపోయాం. గీతల నోట్‌బుక్కులో పట్టిక గీసి, ప్రతి ఓటమీ ఎలా జరిగిందో రాశాను. రాసిన కొద్దీ ఒళ్ళు మండేది.

“అమ్మమ్మా, డాలు! డాలు!”

“పెడుతున్నానే. బొత్తాం ఏదీ?”

“త్రికోణం!”

“ఏ త్రికోణం? ఇక్కడ అన్నీ ఒకేలా ఉంటే…”

“పోయాం. లెక్కల టీచరువై ఉండి త్రికోణం కనిపించదా నీకు?”

“కళ్ళద్దాల మీద చెమట పట్టిందే! నువ్వు మాత్రం, తడపకుండానే పిడుగు వేసేస్తావు. ముందు ఏది, తరవాత ఏది అని ఎన్నిసార్లు చెప్పాలి?”

“నువ్వు అన్నీ చెప్తూనే ఉంటావు. ఆడవు.”

నలభై ఒకటోసారి అలాగే మాటా మాటా పెరిగింది. అది తన ఆట రిమోటు చాప మీద విసిరికొట్టి అటు తిరిగి కూర్చుంది. నేనూ నాది కింద పెట్టేసి ఇటు తిరిగాను. ఇసుక అయిపోయింది. నలుగురు వీరులూ చేతులు కట్టుకుని నిలబడిపోయారు. ఎవరూ ఏమీ చెయ్యలేదు.

చిన్నగా తాళం ఊడిన చప్పుడైంది.

నేను తలుపు వైపు చూశాను. బుడంకాయ టీవీ వైపు చూసింది.

ఐదో గడి తెరుచుకుంది. మిగతా నలుగురు వీరులూ మన వైపు చూస్తూ ఉంటారు. ఈ మనిషి వీపు తిప్పి నిలబడి ఉంది. ఆడో మగో తెలియదు. ముదురు రంగు గుడ్డ ఏదో నెత్తి నుంచి కిందికి దిగింది. గదిలో వాసన మారింది… ఏళ్ళ తరబడి తెరవని ట్రంకుపెట్టె మూత ఎత్తినప్పటి వాసన. ఫ్యాను తిరుగుతోంది గానీ చప్పుడు లేదు. కింద గిన్నెల మోత కూడా ఆగింది.

ఆ వీరుడికి ఒకే ఒక్క శక్తి రాసి ఉంది: మార్పిడి. దాని కింద ఒక వాక్యం. “ఇద్దరి మధ్య ఒకటి మారుతుంది.” ఆ కింద ప్రశ్న: “ఎవరెవరికి?” జవాబుల్లో నీళ్ళావిడ లేదు, మెరుపోడు లేడు. మొదటి ఆటగాడు, రెండో ఆటగాడు అని రెండే ఉన్నాయి.

“వద్దమ్మమ్మా,” అంది బుడంకాయ గుసగుసగా. “ఇది ఆటలో లేదు. మా క్లాసులో అందరూ ఆడారు, ఎవ్వరూ చెప్పలేదు.”

“పిచ్చిదానా, నీ వీరులు నాకూ, నా వీరులు నీకూ మారతారు, అంతే. చేసి చూడకుండా తెలియదు అనకూడదు. పట్టికలో గడి ఖాళీగా వదలకూడదు.”

బడిలో పిల్లలకి వేలసార్లు చెప్పిన మాట అది. ఆ మాట మీదే నొక్కాను.

మాకు ఇంకో వంతు దక్కింది. రాతిరాణి ముక్కలైంది. బుడంకాయ ఎగిరి గంతేసి, నా మెడ పట్టుకుని ఊగింది. ఊగుతూ ఊగుతూ, “అబ్బా,” అని మోకాలు పట్టుకుంది.

నేను టీ పెట్టుకుందామని లేచాను. వంటింట్లోకి వెళ్ళాక గుర్తొచ్చింది, గోడ పట్టుకోకుండా లేచానని. పన్నెండేళ్ళుగా గోడ పట్టుకోకుండా లేవలేదు నేను. పాలపొడి కోసం మూడంతస్తులు దిగి, మూడంతస్తులు ఎక్కి వచ్చాను. మెట్ల మీద ఈల వేద్దామా అనిపించింది.

సాయంత్రం మా అమ్మాయి పిల్ల కాళ్ళకి నూనె రాస్తూ, “పెరిగే వయసమ్మా, నొప్పులు ఉంటాయి,” అంది. నేనూ ఊఁ అన్నాను. అప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు. వచ్చి ఉండాల్సింది.

నాలుగు రోజులకి అద్దాలపాము దగ్గర ఇరుక్కున్నాం. ఇరవై రెండు సార్లు ఓడాక నేనే అన్నాను: “అప్పుడు చేసినట్టే ఏమీ చెయ్యకుండా వదిలేసి చూద్దాం.” తాళం ఊడింది. అదే వాసన. ఈసారి ఆ మనిషి పూర్తిగా వీపు తిప్పి లేదు. పక్కకి ఒదిగి, ఎవరో పిలిస్తే విన్నట్టు తల కొంచెం ఇటు తిప్పింది. నాకు గెలుపే కనబడుతోంది. నొక్కాను.

మర్నాడు పొద్దున్న పేపరు చివరిదాకా చదివేశాక చూసుకున్నాను, కళ్ళద్దాలు ముక్కు మీద లేవు. బుడంకాయ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. బొమ్మల పుస్తకాన్ని చేతులు బార్లా చాపి పట్టుకుంది. కాసేపటికి బల్ల మీద ఉన్న నా కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, హాయిగా చదవసాగింది.

పేపరు పక్కన పడేసి పిల్లకి చెప్పులు తొడిగాను.

కంటి డాక్టరు మూడుసార్లు పరీక్ష చేసి, యంత్రం చెడిపోయిందని ఇంకో గదిలోకి తీసుకెళ్ళి నాలుగోసారి చేశాడు. “ఇది చత్వారం. పైగా దూరం చూపూ తగ్గింది. పదేళ్ళ పిల్లకి ఇలా ఉండదండీ,” అన్నాడు. నేను మా అమ్మాయికి జరిగింది జరిగినట్టు చెప్పాను. బోర్డు మీద రాసి చెప్పినంత వివరంగా చెప్పాను.

“అమ్మా, ఆట ఆడితే మోకాళ్ళు అరుగుతాయా? మా ల్యాబులో చెప్పనా, ఆ పరీక్ష కూడా పెడతారు,” అంది. నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “చాల్లే. నిద్రలేదు నీకు, దానికీ లేదు. రేపు సాయంత్రం వచ్చాక ఆ ఆట పెట్టె తీసుకెళ్ళి ఎవరికైనా ఇచ్చేస్తాను.”

అంటే ఇంకొక్క మధ్యాహ్నం ఉంది నాకు.

ఆ మధ్యాహ్నం వాన. పరదాలు వెయ్యనక్కర్లేకుండానే గది చీకటైంది. పిల్లని ఎత్తుకొచ్చి చాప మీద కూర్చోబెట్టాను. నా ఒంట్లో అంత బలం ఉండడమే నాకు అసహ్యం వేసింది. లెక్క సులువు: రెండు మారాయి, రెండూ వెనక్కి మార్చాలి.

రాతిరాణి దగ్గరికే వెనక్కి వెళ్ళి, ఏమీ చెయ్యకుండా వదిలేశాం. తాళం ఊడలేదు. రాతిరాణి నలుగురినీ చంపింది. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ ఊడలేదు. మళ్ళీ. పదిహేడు సార్లు. నాలుగున్నర అయింది. ఆ తాళం బొమ్మని గోళ్ళతో పీకేద్దామా అన్నంత కసి.

“నువ్వేమైనా నొక్కుతున్నావా?”

“లేదమ్మమ్మా.”

“నిజం చెప్పు.”

“ఒట్టు…”

వంగి దాని చేతులు చూశాను. బొటనవేలు భయానికి వణుకుతోంది. వణికిన ప్రతిసారీ బొత్తాం నొక్కుకుంటోంది. దానికి తెలియదు. రెండు రిమోట్లూ తీసి కింద పెట్టాను. దాని రెండు చేతులూ నా చేతుల్లో పట్టుకున్నాను.

ఇసుక అయిపోయింది.

తాళం ఊడింది.

ఫ్యాను చప్పుడు పోయింది. వాన కురుస్తూనే ఉంది… చప్పుడు లేదు. ఆ మనిషి ఇంకొంచెం ఇటు తిరిగి ఉంది. చెంప అంచు కనబడింది. నొక్కాను.

మోకాళ్ళలో ఇనుప మేకులు దిగినట్టైంది. నొప్పికి అంత సంతోషించినదాన్ని ఈ భూమ్మీద నన్నే చూసి ఉంటారు. “లేచి నిలబడవే!” అన్నాను. బుడంకాయ చటుక్కున లేచింది.

రెండోసారి. తాళం. వాసన. నొక్కాను.

ఏమీ కాలేదు. కళ్ళద్దాలు లేకుండా నాకు నా నోట్‌బుక్కు స్పష్టంగా కనబడుతూనే ఉంది. బుడంకాయకి కనబడటం లేదు.

“ఏం మారిందే?”

“తెలీదు.”

“ఎక్కడైనా నొప్పా? తలనొప్పా? చెవులు వినిపిస్తున్నాయా?”

“ఏమీ లేదమ్మమ్మా… ఇంకోసారి చెయ్యి. తొందరగా.”

మూడోసారి. గడిలోని మనిషి మొహం దాదాపు మన వైపు వచ్చేసింది. గుడ్డ కింద నీడ. నొక్కాను. నొక్కిన క్షణాన తెర మొత్తం అలికేసినట్టైపోయింది. నా చూపు నాకు వచ్చేసింది. కళ్ళద్దాలు ఎక్కడో ఉన్నాయి. గడిలో మసక మచ్చ ఒకటి కదిలింది, పూర్తిగా ఇటు తిరిగింది. నాకు కనబడలేదు.

బుడంకాయకి కనబడింది.

“ఎవరే?” అన్నాను.

అది నా చేతిని గట్టిగా పట్టుకుంది. నేను తడుముకుంటూ వెళ్ళి ప్లగ్గు పీకేశాను. వాన చప్పుడు ఒక్కసారిగా మీద పడింది.

తరవాత అన్నీ చూశాను. పిల్ల మూడంతస్తులు పరిగెత్తి దిగి, పరిగెత్తి ఎక్కింది. నా మాత్రల అట్ట మీది సన్నక్షరాలు గడగడా చదివింది. పంతొమ్మిదో ఎక్కం అడిగితే ఎప్పటిలాగే ఏడు దగ్గర తడబడింది. నాకు తడబాటు లేదు. జుట్టు, పళ్ళు, చేతిరాత, చెయ్యి మీది మచ్చలు, అన్నీ ఎవరివి వాళ్ళకే ఉన్నాయి. నోట్‌బుక్కులో రాశాను: ఒకటి, మోకాళ్ళు. మూడు, కళ్ళు. రెండో వరస ఖాళీ. ఏం రాయాలో తెలియక, కలం పట్టుకుని ఆ ఖాళీ వంకే చూస్తూ కూర్చున్నాను. ఏం మారి ఉంటుంది? నా దగ్గర ఉన్నవన్నీ నాకు తెలిస్తే కదా, పోయింది ఏదో చెప్పడానికి!

ఆరున్నరకి ఫోను మోగింది. బుడంకాయ తీసి స్పీకరు నొక్కింది.

“అమ్మా!” అంది సంబరంగా. “నాకు తగ్గిపోయింది!”

“ఏం తగ్గిందమ్మా, మోకాళ్ళా?” అంది మా అమ్మాయి గొంతు. “నువ్వు రాసుకునే తైలం పనిచేసిందన్నమాట. వానకి బస్సు కదలట్లేదు. పాపేం చేస్తోంది?”

బుడంకాయ నా వైపు చూసింది. “అమ్మా, నేనే.”

“నువ్వేనని తెలుసులే. పాపకివ్వు ఫోను.”

నేను ఫోను తీసుకున్నాను. తాపీగా, ఎప్పటిలాగే మాట్లాడాను. నా గొంతు నాకు నా గొంతులాగే వినబడింది. “నేనేనే. ఇద్దరం బాగున్నాం. పిల్లకి నయమైంది. నువ్వు నెమ్మదిగా రా.”



“అయ్యో… ఎందుకురా, ఎందుకు ఏడుస్తున్నావు?”

“ఏడవడమేమిటే? నేను మీ అమ్మని.”

“ఏడవకు నాన్నా, వచ్చేస్తున్నా కదా. మాటలు అర్థం కావట్లేదు. ఏడుపు ఆపి చెప్పు. భయపడ్డావా? అమ్మమ్మ పక్కనే ఉందా? అమ్మమ్మకివ్వు.”

నా చేతిలోంచి ఫోను మెల్లిగా తీసుకున్నారు. బుడంకాయ. స్పీకరు ఆపి, చెవి దగ్గర పెట్టుకుంది.

“ఏం లేదులేవే,” అంది. “ఉరిమితే దడుచుకుంది. నువ్వు కంగారుపడకుండా రా. నేనున్నాగా.”

ఫోను బల్ల మీద పెట్టింది. నా పక్కన చాప మీద చేరి, అరచేత్తో నా చెంపలు తుడిచింది. ఒకటి, ఆ తరవాత రెండోది.

దాని చెయ్యి తడిసిపోయింది.