నడిగడి లేని అద్దపు పలక

లత్తుకపురం రాజ్యంలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు కొత్త ఆట తయారుచేసినా, దాన్ని ముందుగా కోట చావడిలో ఒకరు కూర్చుని చివరిదాకా ఆడి చూడాలి. బాగుంటే అక్కడ వేలాడే కంచుగంట కొట్టాలి. బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో చేసినవాడి ముఖం మీదే చెప్పాలి. వాడు ఎంతటి పండితుడైనా సరే, చేతులు కట్టుకుని వినాలి. గంట మోగని ఆట ఆ ఊళ్ళో ఏ పిల్ల చేతికీ చేరేది కాదు.

ఈ పని చేసేది పగడాలు. లక్కబొమ్మలు చేసే వీరాచారి కూతురు. ఆటంటే ఆ అమ్మాయికి ప్రాణం. ఆటను సరిగ్గా చేయనివాళ్ళంటే మాత్రం ఒళ్ళుమంట. "ఈ ఏనుగు తొండం ఊడివస్తోందేమయ్యా, పిల్లల గొంతులోకి పోతే నువ్వొచ్చి తీస్తావా?" అనేది ఒకడితో. "బొంగరానికి ఇన్ని రంగులు పూశావు, తిరగడం మాత్రం మరిచిపోయింది!" అనేది ఇంకొకడితో. బొమ్మలు చేసేవాళ్ళంతా ఆమె పేరు చెబితే గజగజలాడేవారు. ఆమె చెప్పినట్టు దిద్దుకుని మళ్ళీ వచ్చేవారు కూడా.

రాజుగారి కూతురు కుముదిని పగడాలుకు ప్రాణస్నేహితురాలు. రోజూ సాయంత్రం ఇద్దరూ అష్టాచెమ్మా ఆడుకునేవారు. గవ్వలు వేసి, కాయలను గడి గడికీ జరిపి, పలక మధ్యలో రెండు గీతలు అడ్డంగా కొట్టి ఉండే నడిగడిలోకి చేర్చాలి. అక్కడికి చేరిన కాయ పండినట్టు. కుముదినికి అన్నం లేకపోయినా ఫరవాలేదు గాని, పగడాలు కాయ తనకంటే ముందు పండితే ఆ రోజంతా మూతి ముడుచుకుని కూర్చునేది.

ఇలా ఉండగా, అభ్రకేశుడనే మాంత్రికుడు ఒక అద్దపు పలక తెచ్చాడు. అరచేతికి కాస్త పెద్దది, తమలపాకంత పల్చన. వేలు తాకిస్తే చాలు, లోపల పూలతోట విచ్చుకుంది. చిన్న గుర్రం మీద చిన్న మనిషి! వేలు ఎటు జరిపితే అటు పరుగు. చావడిలో ఉన్నవాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. పగడాలు మొదటి మజిలీ ఆడింది. ఆహా, ఏం పూలు, ఏం వెలుగు! జన్మలో అంత అందమైన ఆట చూడలేదు.

"మిగతా మజిలీలు కూడా ఇలాగే ఉంటాయా?" అని అడిగింది.

"ఇంతకంటే బాగుంటాయి తల్లీ!" అన్నాడు మాంత్రికుడు.

పగడాలు లేచి గంట కొట్టేసింది.

అదీ పిల్లలూ, జరిగిన పొరపాటు! అందరికీ ముక్కు మీద కోపంతో తప్పులు చెప్పే పిల్ల, మెరుపు చూసి ఆగలేకపోయింది.

ఆ పలక మొదట కుముదిని చేతికి వెళ్ళింది. ఇక చూడాలి! అన్నం వద్దు, నిద్ర వద్దు, అష్టాచెమ్మా అసలే వద్దు. "ఇంకొక్క మజిలీ, ఇంకొక్కటే" అంటూ ఆడింది, ఆడింది. ఒకరోజు దాసీ పాలగ్లాసుతో వెళ్ళేసరికి మంచం మీద పలక ఉంది, యువరాణి లేదు. పలకలోకి తొంగిచూస్తే గుర్రం మీద, చిటికెన వేలి గోరంత కుముదిని! ఒక గట్టు చుట్టూ గిర్రున తిరుగుతోంది. పిలిస్తే పలకదు. అద్దం అంచుల నుంచి పొగ కమ్ముకొస్తోంది.

"ఈ పొగ నడిమి దాకా వస్తే యువరాణి ఇక మనకు దక్కదు" అన్నాడు ఆస్థాన మంత్రవేత్త.

రాజు వీరభానుడు పగడాలు వైపు చూశాడు. "గంట కొట్టింది నువ్వు. నువ్వు కొట్టావు కాబట్టే నా బిడ్డ ఆడింది" అన్నాడు. గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువగా ఉంది.

పగడాలుకు తల కొట్టేసినట్టయింది. "నేనే వెళ్ళి తీసుకొస్తాను ప్రభూ" అంది. పలకను కొంగున కట్టుకుంది. వీరాచారి తన పనిముట్లలోంచి ఒక ఎర్ర లక్కకడ్డీ తీసి చేతిలో పెట్టి, "దారి తప్పకుండా చెట్లకి గుర్తులు పెట్టుకోమ్మా" అన్నాడు. ఆమె దాన్నీ కొంగున ముడివేసుకుంది.

అభ్రకేశుడి కొండ చుట్టూ ఒక అడవి ఉంది. దాని మొదట్లో పూలతోట. పలకలో చూసినదే! పగడాలు కళ్ళు చెదిరాయి. తోట దాటి నాలుగడుగులు వేసిందో లేదో, ఆకులకు రంగు లేదు, చెట్లకు వెనకవైపు లేదు. ముందు నుంచి మాత్రమే చేసి వదిలేసిన చెట్లు!

"ఓరి నీ పనితనం పాడుగాను!" అంది పగడాలు.

అక్కడో ఏరు అడ్డొచ్చింది. నీళ్ళలో రాళ్ళు పైకి తేలుతూ, మునుగుతూ ఉన్నాయి. ఒడ్డున ఒక గోరువంక వాలి, "స్వాగతం! ముందుకు నడవడానికి కుడికాలు ముందుకు వేయండి" అంది.

"నడవడం నాకొచ్చులేవే" అంది పగడాలు, మొదటి రాయి మీదికి అడుగేస్తూ.

"తర్వాత ఎడమకాలు వేయండి" అంది గోరువంక.

ఆ మాటకు చిర్రెత్తి తల తిప్పేలోగా కాలికింద రాయి మునిగింది. కళ్ళు తెరిచేసరికి పగడాలు పూలతోట మొదట్లో ఉంది! మళ్ళీ అంత దూరం నడిచి ఏటికి వచ్చింది.

"స్వాగతం! ముందుకు నడవడానికి..."

"చెప్పావుగా ఇందాకే!"

మళ్ళీ మునిగింది. మళ్ళీ పూలతోట. అవే పూలు. మొదటిసారి ఎంత ముద్దొచ్చాయో, ఇప్పుడు చూస్తే అంత అసహ్యం వేసింది. ఏటి మధ్య దాకా వెళ్ళి పడినా మొదటికే, ఒడ్డున పడినా మొదటికే! ఇదెక్కడి న్యాయం? చెప్పే నాకే ఒళ్ళు మండుతుంటే, నడిచే ఆ పిల్లకెలా ఉండాలి? చివరికి దారిలో బూరుగుచెట్టు కనిపిస్తే దూది తెంపి చెవుల్లో కుక్కుకుంది. గోరువంక గొడవ వినబడకపోయేసరికి రాళ్ళ కదలిక మీద మనసు నిలిచింది. పెద్దరాయి మునిగితే చిన్నరాయి తేలుతోంది. అంతే! చకచకా దాటేసింది.

కొంగు విప్పి చూసింది. పొగ మరికాస్త లోపలికి వచ్చింది. కుముదిని ఇంకా తిరుగుతూనే ఉంది.

అవతలి ఒడ్డున ఒక కొయ్యగుర్రం నిలబడి ఉంది. బంగారు పూత, పట్టు జీను, మెడలో మువ్వలు. పగడాలు ఎక్కి కూర్చుని, "పద పద, తొందరగా!" అంది.

"కొత్త మెరుగులు దిద్దుకుంటున్నాను. దయచేసి ఆగండి" అంది గుర్రం.

ఆగింది. ఎండ నడినెత్తికి వచ్చింది. "అయిందా?"

"కొత్త మెరుగులు దిద్దుకుంటున్నాను. దయచేసి ఆగండి."

పొద్దు వాలే వేళకు గుర్రం ఒళ్ళు విరుచుకుని, "మెరుగులు పూర్తయ్యాయి!" అంది. పగడాలు దిగి చుట్టూ తిరిగి చూసింది. తోక నీలంగా ఉండేది, ఇప్పుడు ఆకుపచ్చగా ఉంది. అంతే తేడా.

"ఈ తోక కోసమా నన్నింతసేపు కూర్చోబెట్టావు? అక్కడ నా స్నేహితురాలు పొగలో కలిసిపోతోందే!" అని అరిచింది. గుర్రం పదిబారలు పరిగెత్తి ఆగిపోయింది. "శక్తి అయిపోయింది. ఎండలో నిలబెట్టండి" అంది. అప్పటికే ఎండ పోయింది. పగడాలు దాని నీలమో పచ్చో అయిన తోకకు ఒక దండం పెట్టి, చీర చెంగు బిగించి కాలినడకన కొండెక్కింది.

తెల్లవారేసరికి గుహ ముందుకు చేరింది. అక్కడ తాటిచెట్టంత రాక్షసుడు గద పట్టుకుని నిలబడ్డాడు.

"ఓసీ మానవ కన్యా! నేనెవరో తెలియునా? నా ముత్తాత మేఘాలను నమిలినవాడు! నా తాత కొండలను బంతులాడినవాడు! నా తండ్రి..." అంటూ మొదలుపెట్టాడు. మేనమామల దాకా వచ్చాడు. పగడాలు పక్కనుంచి దూరబోతే కాళ్ళు కదలలేదు. ఆ ఉపన్యాసం ముగిసేదాకా ఎవరైనా కదలకుండా నిలబడాల్సిందే. ముగియగానే గద ఒకటి వేశాడు. ఆమె దొర్లుకుంటూ కొండ దిగువన పడింది. దెబ్బ తగల్లేదు గాని, కొండంతా మళ్ళీ ఎక్కాలి.

ఎక్కింది. "ఓసీ మానవ కన్యా! నేనెవరో తెలియునా?"

"తెలుసయ్యా మహానుభావా! ఇందాకేగా చెప్పావు!"

"నా ముత్తాత మేఘాలను నమిలినవాడు!"

మళ్ళీ గద. మళ్ళీ దిగువ. ఎన్నిసార్లు పడిందో ఆమెకే తెలియదు. ఆఖరికి ఒక రాయి మీద కూలబడి ఏడ్చింది. భయంతో కాదు పిల్లలూ, ఒట్టి విసుగుతో! పలకలో పొగ గట్టు దాకా వచ్చేసింది. కుముదిని గుర్రం నీడలా కనబడుతోంది.

కళ్ళు తుడుచుకుని ఈసారి పైకి వెళ్ళీ వెళ్ళగానే, రాక్షసుడు నోరు తెరవకముందే పగడాలు అందుకుంది. "నేనెవరో తెలియునా? నా ముత్తాత మేఘాలను నమిలినవాడు! నా తాత కొండలను బంతులాడినవాడు!" అంటూ గడగడా అప్పజెప్పేసింది. మేనమామలనూ వదల్లేదు.

రాక్షసుడి చేతిలోంచి గద జారిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మాయ్! ఉపన్యాసం పూర్తిచేసిన మరుక్షణం గద వేయమని నాకు మంత్రం. ఇవాళ పూర్తిచేసింది నువ్వు, నేను కాదు. నా చెయ్యి లేవడం లేదు!" అన్నాడు. "ఆ ముక్కలు చెప్పీ చెప్పీ నాకు మాత్రం ప్రాణం విసగలేదనుకున్నావా? అసలు మా తాత కొండలతో బంతులాడనే లేదు. ఆయన మేకలు కాసుకునేవాడు."

"మరి ఆ కథే చెప్పొచ్చుగా మామా? అదే బాగుంటుంది" అంది పగడాలు.

"నన్నెవరడిగారమ్మా?" అంటూ రాక్షసుడు పక్కకు తప్పుకున్నాడు.

గుహలో అభ్రకేశుడు పలకల గుట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. అన్నీ సగం సగం చేసినవే. ఆమెను చూడగానే లేచి, "వచ్చావా తల్లీ! ఇదిగో కొత్తది. దానికంటే పల్చన, దానికంటే మెరుపు!" అన్నాడు.

పగడాలులో అప్పటిదాకా ఉడికిందంతా ఒక్కసారి పొంగింది. "చేతులు కట్టుకో!" అని గద్దించింది. కట్టుబాటు కట్టుబాటే. మాంత్రికుడు చేతులు కట్టుకున్నాడు. "చెట్లకు వెనకవైపు లేదు. ఏటిలో పడితే మొదటికా? నడవడం నేర్పే పక్షి ఒకటి! గుర్రానికి తోక మీదున్న శ్రద్ధ కాళ్ళ మీద లేదు. ఆ మామకు అన్ని మాటలు పెట్టావు, ఒక్కటీ నిజం కాదు. ఇంతా చేసి, ఆట చివర ఏముంది? కుముదిని ఆ గట్టు చుట్టూ ఎందుకు తిరుగుతోంది?"

"చివర లేదు" అన్నాడు అభ్రకేశుడు తాపీగా. "ఆఖరి మజిలీకి వెళ్ళినవాళ్ళను పలక లోపలికి లాక్కుంటుంది. అక్కడ చేరడానికి ఇల్లు లేదు. అందుకే తిరుగుతోంది."

"లేకపోవడమేమిటి? ఎందుకు చేయలేదు?"

"చివరిదాకా ఎవరు ఆడతారని చేయాలి? ప్రతి ఊళ్ళోనూ మొదటి మజిలీకే శభాష్ అంటారు. నువ్వూ అంతేగా? గంట కొట్టలేదూ?"

 వాడి మీద పెంచుకున్న కోపమంతా పగడాలుకు తన మీదికే తిరిగింది. "అవును, నాదీ తప్పే. ఇప్పుడు ఆడతాను, చివరిదాకా" అంది.

"లోపలికి వెళితే నువ్వూ తిరగాలి. బయటికి తేవడం నాకు చేతకాదు" అన్నాడు మాంత్రికుడు. ఈసారి అతని గొంతులోనూ బెదురు ఉంది.

పగడాలు పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పూలతోట, ఏరు, గోరువంక, కొయ్యగుర్రం, ఉపన్యాసం. ఆటంతా తను నిజంగా నడిచి వచ్చిన దారే కాబట్టి ఎక్కడా తడబడలేదు, పళ్ళు మాత్రం పటపటా కొరికింది. ఆఖరి మజిలీ తెరుచుకోగానే అద్దం ఆమెను లోపలికి లాగేసింది.

అంతా పొగ. గట్టు చుట్టూ గుర్రపు డెక్కల చప్పుడు. "కుముదినీ! దిగవే, ఇంటికి పోదాం!" అని అరిచింది.

"ఉండవే పగడా! ఇంకొక్క చుట్టు! ఈసారి గెలుస్తాను!" అంటూ యువరాణి దూసుకుపోయింది.

ఇంత దూరం ఎవరికోసం వచ్చిందో ఆ మనిషే రానంటుంటే పగడాలుకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. బతిమాలింది. తిట్టింది. రాజుగారు ఏడుస్తున్నారంది. "ఇంకొక్క చుట్టు" అన్న మాట తప్ప జవాబు లేదు. పొగ మోకాళ్ళ దాకా వచ్చింది.

అప్పుడామెకు తట్టింది. కొంగులోని లక్కకడ్డీ తీసి, గట్టెక్కి, దాని నడుమ నేల మీద పెద్ద చదరం గీసింది. దానికి అడ్డంగా రెండు ఎర్రగీతలు కొట్టింది. నడిగడి! దాని మధ్యలోకి గెంతి, గొంతు చించుకుని అరిచింది.

"నా కాయ పండిందోయ్! నువ్వింకా గట్టు చుట్టూనే ఉన్నావు!"

డెక్కల చప్పుడు ఆగింది. "ఏమిటీ? నాకంటే ముందా? దొంగాట!" అంటూ కుముదిని గుర్రం మీంచి ఒక్క దూకు దూకి నడిగడిలోకి వచ్చి పడింది. పడీ పడగానే అద్దం భళ్ళున పగిలింది. ఇద్దరూ గుహలో మాంత్రికుడి ముందు వెల్లకిలా పడ్డారు.

"నేనే ముందు పండాను" అంది కుముదిని, కళ్ళు తెరవకుండానే.

"నువ్వే, నా తల్లీ, నువ్వే!" అంటూ పగడాలు ఆమెను వాటేసుకుని బావురుమంది.

లత్తుకపురం పండగ చేసుకుంది. రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. పగడాలు ఏమీ కోరలేదు. చావడి ముందు నిలబడి, "నేను ఒక్క మజిలీ ఆడి గంట కొట్టాను. ఆ గంట చెల్లదు" అని ఊరందరికీ వినబడేలా చెప్పింది. ఎవరూ ఆమెను ఆ పని మానమనలేదు. కుముదిని అసలే మాననివ్వలేదు. రాక్షసమామ వాళ్ళ వెంట వచ్చి ఊళ్ళోనే ఉండిపోయి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని తన తాత మేకల కథలు చెప్పేవాడు.

కొన్నాళ్ళకు అభ్రకేశుడు కొత్త పలక తెచ్చాడు. ఈసారి మొదట చేసింది నడిగడేనన్నాడు. చెట్లకు వెనకవైపు కూడా ఉందన్నాడు. ఊరంతా చావడి దగ్గర గుమిగూడింది. పగడాలు పూలతోట దాటింది, ఏరు దాటింది. జనం గంట వైపు చూస్తున్నారు. అంతలో పలకలోంచి సన్నని గొంతు వినిపించింది.

"కొత్త మెరుగులు దిద్దుకుంటున్నాను. దయచేసి ఆగండి."

పగడాలు తలెత్తి మాంత్రికుడి వైపు చూసింది. ఆయన చేతులు కట్టుకున్నాడు.

ఆ రోజు గంట మోగలేదు. మోగిన రోజున మాత్రం ఆ ఊరి పిల్లలు ఆట ఆడుకుని, అది పండగానే పలక పక్కన పెట్టి, వేళకు అన్నాలకు వచ్చారు.