అపెండిక్స్ కాదండీ

ఆసుపత్రి లిఫ్టుకి అడ్డంగా పసుపు బోర్డు పెట్టి, సగం మనిషి లోపలా సగం మనిషి బయటా ఉండి మరమ్మతు చేస్తున్నవాణ్ణి చూడగానే ఆమెకి ఒళ్ళు మండింది.

"ఏమండీ, ఇంకెంతసేపు?"

"అరగంట పడుతుందండి. మెట్లు అటు పక్కనున్నాయి."

స్కానింగు గది నాలుగో అంతస్తులో ఉంది. లీటరు నీళ్ళు తాగి, బాత్రూముకి వెళ్ళకుండా రమ్మన్నారు. ఆమె బుద్ధిమంతురాలు, లీటరున్నర తాగింది. ఇప్పుడు మెట్లెక్కడం మాట అటుంచి, గట్టిగా తుమ్మడానికి కూడా ధైర్యం లేదు.

"నేను ఎక్కలేను!"

అతను తల బయటపెట్టి చూశాడు. చెమటలు పట్టిన మొహం, బిగబట్టిన పెదాలు. పాపం నీరసం కాబోలు అనుకుని, పక్కనున్న సీసా తీసి ఎంతో మర్యాదగా అందించాడు.

"ముందు కాసిని మంచినీళ్ళు తాగండి."

ఆమె చూసిన చూపుకి ఇంకొకడైతే పారిపోయేవాడు.

"స్కానింగుకి వచ్చానండీ!" అంది పళ్ళ బిగువున.

ఆసుపత్రుల్లో పనిచేసేవాడు కాబట్టి చప్పున అర్థమైంది. నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలు పడుతూ, సామాన్ల లిఫ్టులో ఆమెని పైకి చేర్చాడు. దారంతా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ మర్యాద ఆమెకి నచ్చింది గానీ పైకి ఒప్పుకుంటుందా?

ఆసుపత్రి ఎదురు సందులోనే ఆమెకి సొంత టైలరింగు షాపు ఉంది. వారం తిరక్కుండానే అతను ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చాడు. ఆ తర్వాత ఇంకో ప్యాంటు, ఆ తర్వాత మరోటి.

"మీరు రోజురోజుకీ పొట్టిగా అయిపోతున్నారా ఏంటి?"

"ఇంకా రెండున్నాయండి. అవయ్యాక షర్టులు మొదలుపెడతాను."

ఒక సాయంత్రం వాన దంచికొడుతుంటే, తగ్గాక వెళ్తానని కూర్చున్నాడు. చేతిలో గొడుగు ఉంది. ఆమె గొడుగు చూసింది, అతన్ని చూసింది, ఏమీ అనకుండా ఇంకో కప్పు టీ పోసింది.

ఇంతకీ ఆ రోజు స్కానింగులో మూడు గడ్డలు కనబడ్డాయి. గర్భసంచి గోడలో పెరిగే ఫైబ్రాయిడ్లు. రెండు చిన్నవి, ఒకటి కమలాపండంత. నెలనెలా మంచానికి అంటుకుపోయేలా రక్తం పోవడానికి కారణం అవేనంది డాక్టరమ్మ. మూడు నెలలు మందులు వాడినా తగ్గకపోయేసరికి ఆపరేషన్ అంది.

"కేన్సర్ కాదు, కంగారుపడకు. పొట్ట పెద్దగా కోయకుండా నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ తీసేస్తాను. గర్భసంచికేం కాదు."

"అంత గడ్డ చిన్న రంధ్రంలోంచి ఎలా వస్తుందండీ?"

"లోపలే ఒక సంచిలో వేసి, ముక్కలు చేసి తీస్తాం. గడ్డ ఉన్నచోట గోడని మళ్ళీ కుట్టేస్తాం."

"ఎన్ని వరసలు కుడతారు?"

డాక్టరమ్మ నవ్వింది. "లోతుని బట్టి రెండో మూడో. నువ్వు టైలరువని తెలిసిపోతోంది."

ఆమెకి భయం సగం తగ్గింది. తగ్గనిది పిన్నికి. ఆమెని చిన్నప్పటి నుంచీ పెంచిన పిన్ని, పెళ్ళి చేసుకోలేదు, నవ్వడం మాత్రం మానలేదు. అలాంటి మనిషి ఈ మాట వినగానే తలుపులు మూసింది.

"చిట్టీ, ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా ఆ లిఫ్టు అబ్బాయికి. పిల్లలు పుట్టరేమోనని వెనక్కి తగ్గుతారు. అపెండిక్స్ అని చెబుదాం."

ఆ అబ్బాయికి అలాగే చెప్పేసింది కూడా.

ఆపరేషనైన మర్నాడు సాయంత్రం ఆమె వార్డు వరండాలో మెల్లగా నడుస్తోంది. పొట్ట ఉబ్బించడానికి లోపలికి పంపిన గ్యాస్ కొంత మిగిలి, భుజం దగ్గర పీకుతోంది. నడిస్తే పోతుందన్నారు. లిఫ్టు అబ్బాయి పక్కన నడుస్తున్నాడు. గ్యాస్ అనగానే పరుగెత్తి అరుగుదల మాత్రలు తెచ్చాడు, నర్సు చేత చీవాట్లు తిన్నాడు.

"రేపు మా అమ్మని తీసుకొస్తానండి. మిమ్మల్ని చూస్తానంటోంది."

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. రేపు ఆవిడ వచ్చి అపెండిక్స్ గురించి అడుగుతుంది. తనూ అబద్ధం చెబుతుంది. ఆ తర్వాత జీవితమంతా అదే చెప్పాలి. నిజం చెబితే ఈ మనిషి రేపు రాకపోవచ్చు. ఏది ఎక్కువ భయమో ఆమెకి ఒక్క క్షణంలో తేలిపోయింది.

"అపెండిక్స్ కాదండీ," అంది. అంతా చెప్పింది. "గడ్డలు మళ్ళీ రావచ్చట. పిల్లల సంగతి ఇప్పుడే గ్యారంటీగా చెప్పలేరు. ఆలోచించుకోండి."

అతను ఆమె వైపు తిరిగాడు.

"అందుకేనా నెలనెలా షాపు మూసేసేవారు?" అన్నాడు. "నా మొహం చూడ్డం ఇష్టంలేక అనుకున్నాను. ఎన్ని ప్యాంట్లు పట్టుకుని వెనక్కెళ్ళానో!"

"నేనడిగింది అది కాదు."

"తెలుసండి. పిల్లలు పుడితే సంతోషం. పుట్టకపోతే మనిద్దరం ఉంటాం. నాకు మీరు కావాలి. ఇందులో ఆలోచించడానికేముంది?"

ఆమె ఏడ్చేసింది. ఏడిస్తే కుట్లు లాగాయి. నవ్వితే ఇంకా లాగాయి.

వెనక నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. పాల గ్లాసుతో పిన్ని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో, అంతా వింది.

"నాకు నీ వయసులోనే ఇదే వచ్చింది, చిట్టీ. అప్పుడు మొత్తం సంచే తీసేశారు. తర్వాత ఒక మంచి మనిషి నన్ను చేసుకుంటానన్నాడు. చెప్పలేక నేనే వద్దన్నాను." పిన్ని గ్లాసు కిటికీలో పెట్టింది. "చెప్పుంటే ఏమనేవాడో, ఇప్పటికీ తెలీదు. బాబూ, మీ అమ్మగారికి ఫోన్ కలుపు."

అతను కలిపిచ్చాడు.

"నమస్కారమండీ. అమ్మాయికి జరిగింది అపెండిక్స్ ఆపరేషన్ కాదు. గర్భసంచిలో గడ్డలు తీశారు. అబద్ధం చెప్పింది నేను, అమ్మాయి కాదు."

ఇన్నేళ్ళలో పిన్ని 'గర్భసంచి' అన్న మాట నలుగురికీ వినబడేలా అనడం అదే మొదలు. తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయింది. మధ్యలో కళ్ళు తుడుచుకుంది, ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఏమందీ?" అన్నారిద్దరూ ఒక్కసారే.

"ఆవిడకీ ఇదే ఆపరేషన్ అయిందట. కొడుక్కి హెర్నియా అని చెప్పిందట!"

"హెర్నియా కాదా!" అన్నాడతను.

"రేపు పొద్దున్నే వస్తోంది," అంది పిన్ని. "మీ పెళ్ళి మాటలు ఎక్కడికీ పోవట. ముందు మేమిద్దరం కూర్చుని మాట్లాడుకోవాలట."