శనగచేలో కపాలం

అది 1980, మాఘమాసపు అమావాస్య... శనివారం... పైగా సూర్యగ్రహణం!

మధ్యాహ్నం మూడు దాటింది. ఆళ్లగడ్డకు నాలుగు మైళ్ల దూరంలోని ఆ పల్లెలో ఒక్క తలుపూ తెరిచి లేదు. కిటికీ సందుల్లో గోనెపట్టాలు కుక్కుకుని జనం చీకట్లో కూర్చున్నారు. నంద్యాల బస్సు రాలేదు. పడమటికి వాలుతున్న సూర్యబింబాన్ని ఏదో అదృశ్య దంష్ట్ర అంచు నుంచి కొరుకుతోంది... వెలుతురు పాత ఇత్తడి రంగుకు తిరిగింది. వేళగాని వేళ ఎక్కడో గుడ్లగూబ కూసింది.

శివమ్మ మాత్రం తలుపు వేసుకోలేదు. గడప మీద ఒంటరిగా కూర్చుంది. ఆర్నెల్లుగా ఆ గడప తొక్కిన మనిషి లేడు. గ్రహణం కొత్తగా వెలివేసేది ఏముంది?

భర్త పోయి పదేళ్లు. ఒక్కగానొక్క కూతురు యశోద తొమ్మిదో ఏట పాము కరిచి పోయింది. నాలుగేళ్ల కిందట పిల్లను తన శనగచేను గట్టునే పూడ్చి, పైన నాపరాతి బండలు పరిచింది శివమ్మ.

ఆ తర్వాత భూమి అడుగున చమురు ఉందంటూ కంపెనీ జీపులు వచ్చాయి. ఊరికి కరెంటు వస్తుందని, ఇంటికో ఉద్యోగం వస్తుందని చెప్పగానే అందరూ సంతకాలు పెట్టారు. శివమ్మ మరిది మద్దిలేటి పొలంలో చిన్న బోరు దించి పరీక్ష కూడా చేశారు. ఇక పెద్ద యంత్రం రావాలి. దానికి దారి శివమ్మ నాలుగెకరాల మీదుగానే... సరిగ్గా ఆ గట్టు మీదుగానే!

ఆమె వేలిముద్ర వేయనంది. ఆనాటి నుంచి ఊరు ఆమెకు ముఖం చాటేసింది. నిప్పు అడిగితే పొయ్యి ఆరిపోయిందనేవారు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవారు. చివరిసారిగా మాట్లాడింది మద్దిలేటే. "సచ్చిన పిల్ల కోసరం బతికిన ఊరిని సంపుతాండావు వదినా" అన్నాడు. ఆ మరునాడే నల్లమల అంచున ఉండే మాంత్రికుడు కంబగిరయ్య దగ్గరకు బయలుదేరాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఒక్క శివమ్మకు తప్ప.

ఇప్పుడు... సగం సూర్యుడు మాయమైన ఆ క్షణాన...

"అమ్మా" అన్న పిలుపు వినిపించింది.

అది వీధిలోంచి రాలేదు. ఇంట్లోంచీ రాలేదు. శివమ్మ నోట్లోంచే వచ్చింది! ఆమె నాలుక ఆమెకు తెలియకుండానే కదిలింది. కానీ ఆ గొంతు... ఆ గొంతు యశోదది! నాలుగేళ్లుగా మూగబోయిన ఆ ఇంట్లో బిడ్డ మాట. భయంతో బిగుసుకున్న శివమ్మ గుండె ఆనందంతో ఒక్కసారి ఉప్పొంగింది.

పాదాలు వాటంతట అవే లేచాయి. చిన్నపిల్ల గెంతినట్టు గెంతుతూ ఆమెను నిర్జనమైన వీధుల గుండా చేలోకి లాక్కుపోయాయి. గట్టు మీద నాపబండలు పెకిలి పడి ఉన్నాయి. గుంత నోరు తెరుచుకుని ఉంది.

అవతల మద్దిలేటి పొలంలోని బోరు దగ్గర కంబగిరయ్య కూర్చుని ఉన్నాడు. ఒంటినిండా చితాభస్మం, రక్తారుణ నేత్రాలు! భూమి నోరు తెరిచిన చోట ప్రేతం తేలిగ్గా వశమవుతుందని అతడు ఆ చోటు ఎంచుకున్నాడు. మనిషెత్తు ఇనుప గొట్టం లోంచి సన్నగా బుస వినిపిస్తోంది. కుళ్లిన గుడ్ల వాసన కమ్ముకుంది. పసుపు కుంకుమల ముగ్గు నడుమ ఒక చిన్న కపాలం ఉంది. దాని చుట్టూ నల్లదారం, నుదుట మాంత్రికుడి నెత్తురు బొట్టు. కాస్త దూరంలో హోమగుండం మండుతోంది. పక్కన స్టాంపు కాగితం పట్టుకుని మద్దిలేటి, కపాలం వైపు చూడలేక తల తిప్పుకుని ఉన్నాడు.

"పిల్లా, మీయమ్మ చేయెత్తు. ఏలిముద్ర ఏపిచ్చు" అని గర్జించాడు మాంత్రికుడు.

శివమ్మ కుడిచేయి గాలిలోకి లేచింది. కాగితం మీదకు వంగింది... ఆగిపోయింది.

"ఏపిచ్చను" అంది ఆమె నోటి నుంచి పసిగొంతు.

కంబగిరయ్య వికటంగా నవ్వాడు. గుండంలోంచి నిప్పుకణిక తీసి కపాలం మీద వేశాడు. శివమ్మ గొంతు చీల్చుకుని కేక లేచింది! బిడ్డ పడే మంట తల్లి నెత్తిలో భగ్గుమంది. మద్దిలేటి వెనక్కి జరిగి, పిల్లను కాల్చమని తాను చెప్పలేదన్నాడు.

"నోర్మూసుకో. ఎవుని నెత్తురు దీని మీదుంటే వాని మాట ఇనాల్సిందే ఇది" అన్నాడు మాంత్రికుడు.

ఆ మాట శివమ్మ చెవిన పడింది. ఒళ్లంతా వశం తప్పినా పళ్లు మాత్రం ఇంకా తనవే. లోపల బిడ్డ తల్లి చేతిని తల్లి నోటికి అందించింది. ఊరంతా అడిగిన ఆ బొటనవేలిని శివమ్మ కసుక్కున కొరికింది. ఒక్కుదుటున ముందుకు పడి, నెత్తురోడే వేలిని కపాలం నుదుట అదిమింది. మాంత్రికుడి బొట్టు మీద తల్లి వేలిముద్ర పడింది!

ఆకాశంలో గోరంత సూర్యుడు మిగిలాడు. నక్షత్రాలు బయటపడ్డాయి. గాలి లేదు... అయినా హోమజ్వాల వంగింది. పాములా నేల మీద పాకి గొట్టం ఎక్కింది. భూగర్భం గర్జించింది! తాటిచెట్టంత మంట లేచి, వెనక్కి తిరిగి, కంబగిరయ్య ఒక్కడి మీదే విరుచుకుపడింది. అతడి మంత్రం సగంలోనే బూడిదైంది. పక్కనే ఉన్న మద్దిలేటికి వెంట్రుక కూడా కమలలేదు. ప్రాణాలు అరచేత పెట్టుకుని ఊళ్లోకి పరుగెత్తాడు.

శివమ్మ కపాలాన్ని కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

మూడు రోజులు ఆ ఇంట్లో మాటలు వినిపించాయి. మూడు రోజులూ బోరు మంట మండి దానంతటదే ఆరింది. లోపల ఉన్నది గుప్పెడు గ్యాసేనని, యంత్రం దించినా దండగేనని చెప్పి కంపెనీ జీపులు వెళ్లిపోయాయి. బోరు కక్కిన ఉప్పుబురదతో మద్దిలేటి పొలం తెల్లబారింది. నేరమంతా శివమ్మదేనంది ఊరు.

ఆమె పట్టించుకోలేదు. ఆమె బాధ వేరు. బిడ్డ ఆకలంటోంది. సంగటి తన నోట పెట్టుకున్నా, పాలు కపాలం ముందు పెట్టినా ఆ ఆకలి తీరడం లేదు. నల్లదారం ఉన్నంతకాలం యశోద ఉంటుంది... ఏడుస్తూనే ఉంటుంది. ఉంచుకుంటే తనకు తోడు. తెంపితే మళ్లీ ఎవరూ లేరు.

నాలుగోనాడు పొద్దెక్కాక కపాలాన్ని గుంతలో పెట్టి పక్కన కూర్చుంది శివమ్మ.

"ఆడ చీకటిగుంటాదా అమ్మా?" అని ఆమె నోరే ఆమెను అడిగింది.

"ఉండదులే నాయనా. నేను పైనే ఉంటా. పండుకో."

కొడవలి అంచున దారం తెంపింది. ఇంకేమైనా అడుగుతుందేమోనని పెదవులు తెరిచి చాలాసేపు ఎదురుచూసింది. గొంతులో తన ఊపిరి తప్ప మరేమీ కదలలేదు.